ఎర్ర చుక్క కంచం

మినప్పప్పు పొట్టు పోయేదాకా నాలుగోసారి కడుగుతున్నాను. మా అత్తయ్య విజయలక్ష్మి వంటింటి గడప అవతల కుర్చీ వేసుకుని కూర్చుని, "చేతులు సబ్బుతో కడుక్కున్నావా?" అని అడిగింది.

కడుక్కున్నానని చెప్పాను. రోజుకు నలభై సార్లు చేతులు కడుక్కునే ఉద్యోగం నాది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా స్టాఫ్ నర్సుని. చేతులు ఎలా కడుక్కోవాలో, వేళ్ల సందుల్లో ఎంతసేపు రుద్దుకోవాలో కొత్తగా చేరిన పిల్లలకు నేర్పేది నేనే. ఆ సంగతి అత్తయ్యకు బాగా తెలుసు. ఆమె అడిగింది శుభ్రత కోసం కాదు. ఇవాళ మామయ్య నాలుగో తద్దినం. ఏటా ఈ రోజు పొద్దున్నే ఈ ప్రశ్న అడిగి, నేను ఈ ఇంటికి ఏం చేశానో నాకు గుర్తు చేయడం ఆమెకు అలవాటు.

గారెలు, పరమాన్నం, గుత్తొంకాయ, మామిడికాయ పప్పు, మామయ్యకు ఇష్టమని గోంగూర పచ్చడి. పాతిక మందికి. అన్నీ నేనే వండాలి. వండాక మాత్రం మామయ్య ఫోటో ముందు విస్తరి వేసి వడ్డించేది నేను కాదు. మా ఆడపడుచు నీలిమ శావల్యాపురం నుంచి వచ్చి, స్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, నేను వండినవన్నీ తీసుకెళ్లి వాళ్ల నాన్నకు పెడుతుంది. మొదటి సంవత్సరీకం నాడు నేను గిన్నెలు పట్టుకుని ఫోటో దగ్గరికి వెళ్తుంటే అత్తయ్య చుట్టాలందరి ముందూ ఆపేసింది. "నువ్వు పెడితే ఆయన ముట్టడు. నీ వల్ల పోయిన మనిషి" అంది. వండటానికి పనికొచ్చిన చేతులు పెట్టడానికి పనికిరాకుండా పోయాయి. మా ఆయన రవిశంకర్ అప్పుడు అక్కడే ఉన్నాడు. తల వంచుకుని ఫోటోకి దండ సర్దుతున్నాడు. ఆ వంచిన తల చూసి, పాపం, తండ్రి పోయిన దుఃఖం అనుకుని నా అవమానం నేనే మింగేశాను. ఎంత పిచ్చిదాన్ని!

ఇవాళ మాత్రం అత్తయ్య ప్రశ్నకు నాకు కోపం రాలేదు. పప్పు రుబ్బుతుంటే ఏదైనా పాడుకోవాలని కూడా అనిపించింది. నా హ్యాండుబ్యాగులో మడత పెట్టిన ఒక జిరాక్సు కాగితం ఉంది. వారం రోజులుగా నేను దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, ఇంటికి తీసుకొస్తున్నాను.

సెకండ్ వేవ్ రోజుల్లో మా ఆసుపత్రి మొత్తాన్ని కోవిడ్ వార్డు చేశారు. పన్నెండు గంటల డ్యూటీ. ఇచ్చిన ఒక్క మాస్కునూ ఐదు రోజులు వాడమన్నారు. మాస్కుల మీద మార్కరుతో పేర్లు రాసుకుని, కాగితపు కవర్లలో పెట్టి, డ్రెస్సింగ్ రూములో మేకులకు తగిలించుకునేవాళ్లం. ఇంటికొచ్చాక పెరట్లోనే బట్టలు డెటాల్ నీళ్లలో వేసి తలస్నానం చేస్తే గానీ లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. లోపలికంటే ఇంట్లోకి కాదు, వరండాలోకి. "షుగరున్న పెద్దాయన ఉన్నాడు" అని అత్తయ్య నా మంచం అక్కడ వేయించింది. దానికి నేనేమీ అనుకోలేదు. నన్నడిగినా అదే చెప్పేదాన్ని. కానీ నా కంచం మిగతా కంచాల్లో కలవకూడదని దాని అంచు మీద ఎర్రటి నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టించింది. ఆ నెయిల్ పాలిష్ మా అమ్మాయి ప్రీతిది. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. "అమ్మా, చుక్క నేనే పెట్టా" అని కిటికీలోంచి సంబరంగా చెప్పింది. అంత దూరంగా పెట్టిన మనిషి, పొద్దున్నే డ్యూటీకి వెళ్లే ముందు మూతికి గుడ్డ కట్టుకుని ఐదుగురికీ వంట చేసి వెళ్లడానికి మాత్రం ఎవరికీ ఏ జబ్బూ అడ్డం రాలేదు.

ఏప్రిల్ పద్దెనిమిదిన మా ఆయన దాచేపల్లిలో ఒక డీలరు కూతురి పెళ్లికి వెళ్లాడు. ఆయనకు పురుగుమందులు, విత్తనాల కొట్టుంది. వెళ్లొద్దన్నాను. "పెళ్లికి పోకపోతే రేపు పత్తి విత్తనాలు మనకిచ్చేదెవరు, మీ ఆసుపత్రోళ్లా?" అన్నాడు. ఇరవయ్యో తేదీ సాయంత్రానికి ఒళ్లు కాలిపోతోంది. వడదెబ్బ అన్నాడు. అత్తయ్య వరండా తలుపు తీసి, "రా, లోపలికొచ్చి వాడి తలకి తడిగుడ్డ వెయ్యి, ఇయ్యన్నీ నీకైతే తెలుసుద్ది" అంది. కొడుక్కి జ్వరం వచ్చేసరికి నాకు ఇంట్లోకి పిలుపొచ్చింది. మాస్కుతోనే వెళ్లాను. తడిగుడ్డ వేస్తుంటే ఆయన నా చెయ్యి పక్కకు తోసి, "నేనేమన్నా నీ పేషెంటునా? మొహం మీద ఆ గుడ్డ తీసెయ్. మొగుడి దగ్గర కూడా ఏంది ఆ ఏషం?" అన్నాడు. తీశాను. వార్డులో మాస్కు, కళ్లజోడు, గౌను వేసుకుని ప్రాణం కాపాడుకున్న మనిషిని, ఇంట్లో ఒక్క మాటకు మొహం మీది గుడ్డ తీసేశాను. రాత్రింబవళ్లు ఆయన దగ్గు నా మొహం మీదే.

టెస్టు చేయించుకోమని రెండు రోజులు పోరాను. ఇరవై రెండున బండేసుకుని వెళ్లొచ్చాడు. మా ఆసుపత్రి ల్యాబులోనే చేయించుకున్నానన్నాడు. ల్యాబ్ టెక్నీషియన్ సుధీర్ బాబు ఆయనకు స్నేహితుడు. "నెగెటివ్. ఇక చాలా? నీకు పట్టిన అనుమానపు జబ్బుకి మందేసుకో" అన్నాడు. నేను నమ్మాను. హమ్మయ్య అనుకుని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. ఆ మధ్యాహ్నం నుంచే ఆయన మామయ్య గదిలో, కూలరు ముందు, తండ్రి పక్క మంచం మీద పడుకున్నాడు. నన్ను మళ్లీ వరండాలోకి పంపారు.

ఇరవై ఏడున నాకు జ్వరం, మర్నాడు పాజిటివ్. ఆ సాయంత్రమే మామయ్యకు దగ్గు మొదలైంది. ముందు కోడలికి, తర్వాత మామగారికి. లెక్క అందరికీ సులువుగా తేలిపోయింది. మే రెండున ఆయన్ను మా ఆసుపత్రిలోనే చేర్చారు. సిస్టర్లు చాలక నన్ను ఎనిమిదో రోజుకే డ్యూటీకి రమ్మన్నారు. ఒంట్లో ఓపిక లేకపోయినా, మామయ్య దగ్గర ఉండొచ్చని వెళ్లాను. నోరెండిపోయి ఉన్నాడు. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి స్పూనుతో నీళ్లు పెట్టబోతే, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "వేరే సిస్టర్ని రమ్మను" అన్నాడు. పదిహేనేళ్లు నా చేతి గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి. ఆ తర్వాత మూడు రోజులకు పోయాడు. ఎవరేమన్నా దులుపుకున్నాను గానీ, ఆ గోడవైపు తిరిగిన మొహం మాత్రం నాలుగేళ్లుగా నన్ను వదల్లేదు. నిజంగా నేనే తెచ్చానేమో, గౌను విప్పేటప్పుడు ఎక్కడ పొరపాటు చేశానో అని వెయ్యిసార్లు వెనక్కి వెళ్లి వెతుక్కున్నాను.

కంచం మీద చుక్క అలాగే ఉంది. స్పిరిట్ దూదితో ఒక్క నిమిషంలో పోతుంది. కంచాల స్టాండులో దాన్ని ఎవరూ ముట్టుకోరు. అది అమ్మ కంచం. ప్రీతి ఇప్పుడు పన్నెండేళ్ల పిల్ల. నేను డ్యూటీ నుంచి రాగానే దగ్గరికి తీసుకోబోతే రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఒకసారి స్కూల్లో తాతయ్య గురించి రాయమంటే, "మా తాతయ్య మా అమ్మ తెచ్చిన కరోనా వల్ల చనిపోయారు" అని రాసింది. టీచరు దానికి టిక్కు పెట్టి మంచి మార్కులు కూడా వేసింది. నేను ఆ నోట్సుకు అట్ట వేసి మళ్లీ బ్యాగులో పెట్టాను.

పోయిన వారం మా పెద్ద డాక్టరు గారు నన్ను పిలిచారు. గుంటూరు నుంచి ఒక వైద్య కళాశాల వాళ్లు సర్వే చేస్తున్నారట. ఆసుపత్రి నర్సులకు కరోనా సోకడానికి కారణాలేమిటో తెలుసుకోవడానికి ఒక్కొక్కరికీ పన్నెండు పేజీల ఫారం పంపారు. "పాత రిజిస్టర్లు తీసి తేదీలు నువ్వు చూసి నింపించమ్మా" అన్నారు. నేను తలూపి వచ్చేస్తుంటే, "ఎక్కడ సోకిందీ అన్నచోట అందరూ ఇల్లు అనే పెట్టండి. మనకు మాట రాకూడదు" అన్నారు. ఇంట్లో అడిగితే ఆసుపత్రి నుంచి తెచ్చానంటారు. ఆసుపత్రిలో అడిగితే ఇంటి నుంచి తెచ్చానంటారు. ఎటు తిప్పినా తెచ్చింది మాత్రం నేనే.

ఫారం చదివాను. మాస్కు ఎన్ని రోజులు వాడారు, రోజుకు ఎన్ని గంటల డ్యూటీ, పేషెంట్ల గొంతులో కఫం తీసేటప్పుడు ఎంత దగ్గరగా నిలబడ్డారు, అన్నీ అడిగారు. డ్యూటీకి ముందూ తర్వాతా ఇంట్లో ఎన్ని గంటలు పని చేశారని అడగలేదు. జ్వరంతో ఉన్న మొగుడు మాస్కు తీసెయ్యమంటే తీశారా అని అడగలేదు. మేలే చేశారు, ఏం రాయాలో నాకు తెలిసేది కాదు.

సిబ్బందిలో ఎవరెవరి ఇళ్లలో ఎవరికి ముందొచ్చిందో తేదీలు కావాలి కాబట్టి స్టోరురూములోంచి ల్యాబు రిజిస్టరు దించాను. ఫీజు రాసే గడిలో 'స్టాఫ్ ఫ్యామిలీ' అని ఉన్న పేర్లన్నీ వెతుకుతున్నాను. 22-4-2021 పేజీలో నా పేరు కనిపించింది. ఫీజు లేదు, స్టాఫ్ ఫ్యామిలీ, రత్నకుమారి సిస్టర్ భర్త. ఎడమవైపు చూశాను. రవిశంకర్, నలభై ఒకటి. కుడివైపు చూశాను. ఎర్ర ఇంకుతో పాజిటివ్.

మా ఇంట్లో బీపీ బిళ్ల దగ్గర్నుంచి స్కానింగు దాకా ఎవరూ బిల్లు కట్టరు. "మా రత్న పేరు చెప్పు" అంటారు. నా దగ్గర దాచాల్సిన టెస్టును కూడా ఆయన నా పేరు చెప్పే ఊరికే చేయించుకున్నాడు. అందరిలాగే ఫీజు కట్టి ఉంటే నేను ఆ వరస మీద వేలు పెట్టేదాన్ని కాదు. ఆ పేజీ దాటి వెళ్లిపోయేదాన్ని.

సుధీర్ బాబు దగ్గరికి రిజిస్టరు పట్టుకెళ్లి, ఆ వరస చూపించాను. "రత్నక్కా, అన్న చెప్పొద్దన్నాడు. విత్తనాల బుకింగ్ రోజులు, బయటికి తెలిస్తే కొట్టు మూయిస్తారన్నాడు. ఇంట్లో అందరికీ దూరంగా ఉంటాలే అన్నాడక్కా" అన్నాడు.

"నాలుగేళ్లు రోజూ నాకు గుడ్ మార్నింగ్ చెప్పావు కదరా. ఒక్కరోజన్నా నోట్లోకి రాలేదా?"

"ఇంటి గొడవని నేనెందుకని..." అంటూ ఏడ్చాడు. ఏడ్చేవాళ్లను ఓదార్చడం కూడా నా ఉద్యోగంలో భాగమే. ఆ పూట నేను ఆ పని చేయలేదు. పేజీ జిరాక్సు తీయించుకుని, రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ సాయంత్రమే ఇంటికెళ్లి ఆయన కాలరు పట్టుకోవచ్చు. పట్టుకుంటే ఏమయ్యేది? గదిలో, తలుపు వేసుకుని, నా నోరు మూయించేవాడు. నన్ను ముద్దాయిని చేసింది పాతిక మంది ముందు. తీర్పు కూడా ఆ పాతిక మందే వినాలనుకున్నాను. తద్దినం ఇంకా వారముంది. ఆ వారం రోజులూ నేను ఎప్పుడూ లేనంత ఇష్టంగా వంట చేశాను. "ఈ మధ్య కూరలు చానా బాగుంటన్నాయే" అని మా ఆయన రెండుసార్లు వేయించుకున్నాడు. తినండి అన్నాను. కడుపు నిండా ఉన్న మనిషి పడిపోతుంటే చూడాలని నాకు ఆశగా ఉంది. ఇంత పగ నాలో ఉందని నాకే తెలియదు. తెలిశాక సిగ్గేమీ పడలేదు.

పదకొండుకల్లా చుట్టాలు వచ్చేశారు. రాజుపాలెం నుంచి మామయ్య తమ్ముడు, చినమామయ్య వచ్చి ఫోటో పక్కన కూర్చున్నాడు. నీలిమ విస్తరి పరిచింది. అత్తయ్య పమిటచెంగు కళ్లకు ఒత్తుకుని, ఏటా అనే మాటే అంది. "నూరేళ్లు బతకాల్సిన మనిషి మరిదీ. ఇంట్లోకి నడిచొచ్చిన జబ్బు ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఎవుర్నని ఏం లాభంలే." అంటూ వంటింటివైపు చూసింది. పాతిక మందీ చూశారు. ప్రీతి కూడా చూసింది.

నేను పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఫారం, పెన్నూ పట్టుకుని హాల్లోకి వచ్చాను.

"ఏమండీ, ఇది రేపటికి పంపాలి. ఇంట్లోవాళ్ల వివరాలు ఇంటివాళ్ల చేతిరాతతో కావాలి. రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి."

"ఇప్పుడా?" అని విసుక్కుంటూనే పెన్ను తీసుకున్నాడు.

"కరోనా మీ ఇంట్లో మొదట ఎవరికి వచ్చింది, ఏ తేదీన?" గట్టిగా చదివాను.

"నీకే. ఏప్రిల్ ఇరవై ఎనిమిది." రాయడానికి ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అదేమన్నా దాచే సంగతా?" అంది అత్తయ్య పక్కనుంచి.

సంతకం పెట్టేదాకా ఆగాను. "దీనికి రుజువు జత చేయాలంట. ప్రీతీ, నా బ్యాగులో మడత కాగితం ఉంది. ఎర్ర గీత గీసిన వరస చదువమ్మా." కూతురితో చదివించడం తప్పేమో నాకు తెలియదు. కానీ ఆ మాట అందరికంటే ముందు దాని నోటితోనే రావాలని నా కోరిక.

అది తెచ్చి చదివింది. "ఇరవై రెండు, నాలుగు, రెండు వేల ఇరవై ఒకటి. రవిశంకర్. వయసు నలభై ఒకటి. పాజిటివ్. రత్నకుమారి సిస్టర్ భర్త." చివరి మాట దగ్గర దాని గొంతు తగ్గిపోయింది. కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "నాన్నా, అమ్మకంటే ఆరు రోజులు ముందు కదా ఇది?" అంది.

చినమామయ్య లేచి ఆ కాగితం తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఒరేయ్ రవీ, ఏందిరా ఇది? అప్పుడు మా అన్న పక్కన మంచమేసుకుని పడుకుంది నువ్వే కదరా?"

"ఆ కిట్లు సరిగ్గా చూపిచ్చేయి కాదు బాబాయ్... నేను వడదెబ్బనుకున్నా..."

"నాతో నెగెటివ్ అని చెప్పారు" అన్నాను. "సుధీర్ బాబును ఎవరికీ చెప్పొద్దన్నారు. వడదెబ్బని ఎవరూ దాచరు."

అత్తయ్య కొడుకును చూసింది, ఫోటోను చూసింది. ఒక్క క్షణం, ఈమె భర్త పోయిన ఆడది కదా అనిపించి నా గుండె మెత్తబడబోయింది. ఇంతలో నోరు విప్పింది. "వాడేమన్నా కావాలని చేశాడా? తెలియక జరిగింది. ఎప్పుడో అయిపోయినదాన్ని ఇయ్యాల పూట తవ్వుతావేందే?"

ఆ మాట వస్తుందని నాకు తెలుసు. అయినా విన్నాక ఒళ్లు మండిపోయింది. "నేను కావాలని చేశానా అత్తయ్యా? అయిపోయినదాన్ని ఏటేటా పాతిక మందిని కూర్చోబెట్టి తవ్వింది మీరు. మీ కొడుకు పక్కనే కూర్చుని విన్నాడు. నిజం తెలిసి కూడా విన్నాడు. జబ్బు తెచ్చినందుకు నేనేమీ అనను. అది ఎవరికైనా వస్తుంది. తండ్రి చావును నా నెత్తిన పెట్టి నాలుగేళ్లు హాయిగా అన్నం తిన్నందుకు అంటున్నాను."

నీలిమ చేతిలో గారెల పళ్లెం ఉంది. చెయ్యి చాచాను. "వదినా..." అని ఏదో అనబోయి, పళ్లెం నాకిచ్చి పక్కకు జరిగింది.

మామయ్య విస్తట్లో నా చేత్తో వడ్డించాను. గోంగూర పచ్చడి కాస్త ఎక్కువే వేశాను. గ్లాసుతో నీళ్లు పెట్టి, ఫోటోలోకి సూటిగా చూశాను. మీరు మొహం తిప్పుకోవాల్సింది నా నుంచి కాదు మామయ్యా, ఆ రోజు నీళ్లు తాగకుండా పోయారు, అది మీ కొడుకు చేసిన పని, నేను మీ మీద కూడా కోపంగానే ఉన్నాను, అనుకున్నాను. అనుకున్నాక గానీ ఏడుపు రాలేదు. అది కూడా రెండు చుక్కలే.

వెనక్కి వచ్చి ఫారం తీసుకున్నాను. "అది చించెయ్యి రత్నా, మా పరువు పోద్ది" అన్నాడు మా ఆయన, చిన్న గొంతుతో. ఇన్నేళ్లలో నన్ను బతిమాలడం అదే మొదలు. ఎంత బాగుందో వినడానికి.

"చించను. మీ చేతిరాతా వెళ్తుంది, మీ టెస్టు కాగితమూ వెళ్తుంది." మీకు ఎక్కడ సోకింది అన్న ప్రశ్న దగ్గర ఇల్లు అన్న గడిలో టిక్కు పెట్టాను, ఆసుపత్రి అన్న గడిలోనూ పెట్టాను. కింద ఖాళీలో రాశాను: "భర్త పాజిటివ్ అయి దాచాడు. మా ఆసుపత్రి ల్యాబు తన నర్సుకే ఆ సంగతి చెప్పలేదు. ఒక మాస్కు ఐదు రోజులు." పెద్ద డాక్టరు గారికి మాట రాకూడదట. రానీ.

చుట్టాలకు విస్తళ్లు వేయడం మొదలైంది. నేను వంటింట్లోకి వెళ్లి స్టాండు చివరి నుంచి నా కంచం తీశాను. అన్నం, పప్పు, వంకాయ, మూడు గారెలు వడ్డించాను. ఏమీ తక్కువ చేయలేదు. ఎత్తుకుని బయటికి వస్తుంటే ప్రీతి నా వెనకే వచ్చి, నన్ను ఆనుకుని నిలబడింది. వెనక్కి అడుగు వేయలేదు. వరండా పిట్టగోడ మీద కంచం పెట్టి, ఎర్ర చుక్క ఇంటివైపు కనిపించేలా తిప్పి, మా ఆయన్ను పిలిచాను.

ఆయన గడప దగ్గర ఆగిపోయాడు. "అందరి ముందూ ఏందే ఇది? ఎన్నాళ్లు ఇట్టా?"

"నాకు నాలుగేళ్లు" అన్నాను. "రండి, గారెలు చల్లారిపోతాయి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి."